బరువు యాడ పెట్టల్ల

రంగు తర్వాత చూద్దువులే మైథిలమ్మా,
ముందు వంగు.
అడుగున చూడు.

పీణ్యా రెండో స్టేజీలో ఈ షెడ్డుకొచ్చేవాళ్లంతా
లోపలి పరుపు నొక్కి చూస్తారు
కర్టెన్ మీద పూలు బాగున్నాయంటారు.
ఛాసిస్ కింద దూరి తుప్పు గీకినోళ్లు
ఇరవై ఏండ్లలో ఇద్దరే.

నీ కారేంది, చిన్న పెట్రోలు బండా?
ఆఫీసుకు అది బంగారం.
దీనికి కడితే మాత్రం
గుండ్రాయికి మేకపిల్లను కట్టినట్టే.
లాగేది గొప్ప కాదమ్మా, ఆపేది గొప్ప.
నందిబెట్ట దిగేటప్పుడు తెలుస్తాది
ఎవరు ఎవర్ని తోలుతాండారో.
ఎంత లాగొచ్చునో బండి పుస్తకంలో రాసుంటాది
అది చదువు.
అమ్మేవాని మొగం చదవొద్దు, నా మొగం కూడా.

వాళ్లు చెప్పేది ఖాళీ బరువు.
ఖాళీగా ఎవరు పోతారు?
నూరు లీటర్ల నీళ్లంటే నూరు కిలోలు
గ్యాసు బండ, కుర్చీలు, బియ్యం,
వద్దన్నా నువ్వు పెట్టుకునే ఊరగాయ జాడీలు.
అన్నీ ఎక్కించి తుమకూరు రోడ్డులో కాటా వేయించు.
జాతకం కంటే ఆ చీటీ నమ్ము.

నూటికి పది పన్నెండు పాళ్లు
ముక్కు మీద, కొక్కెం మీద కూచోవల్ల.
తక్కువైతే తోక ఊపుతాది.
నేనూ చేసినా ఆ తప్పు.
హోసకోటె దాటినాక,
వెనక జనరేటరు పెట్టుకోని, ముందర ఏమీ లేక,
డెబ్బై మీద పోతాంటే
అద్దంలో బండి ఎడమకీ కుడికీ నాట్యం.
బ్రేకు తొక్కినా.
తొక్కకూడదు.
కాలు మెల్లగా తీసేసి, స్టీరింగు కదలకుండా పట్టుకోవల్ల
అని నాకు గుంతలో పడినాక తెలిసింది.
పక్కన కూచున్న మడకశిర ఓబుళప్ప
ఆ పొద్దు నుంచీ నా బండెక్కలేదు.
కూతురి పెండ్లిపత్రిక ఇచ్చేదానికి కూడా
ఆటోలో వచ్చినాడు.

టైరు గీతలు చూసి మోసపోవద్దు.
పక్కన నాలుగంకెలుంటాయి, తుడిచి చూడు
ముందు రెండూ వారం, కడపటి రెండూ సంవత్సరం.
ఇదేమో అపార్టుమెంటు సెల్లారులో
ఐదేండ్లు నిలబడిందంట
రెండు బండ్ల పార్కింగు కట్టించుకున్నాడంట సెక్రెటరీ.
తిరగలేదు, నిజమే.
తిరగని టైరు కూడా ముసలిదవుతాది.

మూలల్లో వేలితో నొక్కు.
మన బెంగుళూరు వాన
పైకప్పు అతుకు యాడుందో వెతుక్కోని మరీ దిగుతాది.
చెక్క మెత్తగా ఉన్నా, తడి అట్టపెట్టె వాసనొచ్చినా
చెప్పులేసుకోని బయటికి రా.
బేరం కూడా ఆడొద్దు.

గొలుసులు రెండూ కింద కత్తెర మాదిరి వెయ్యి
కొక్కెం ఊడినా ముక్కు నేల తగలకుండా
ఒళ్లో పట్టుకుంటాయి.
దోవలో టీకి ఆగుతావు కదా
గ్లాసు పట్టుకునేదానికి ముందు
చక్రం నడుమ చెయ్యి పెట్టు
బిడ్డ నుదురు చూసినట్టు.
వెచ్చగుంటే సరే.
చెయ్యి లాక్కునేంత కాలితే
బేరింగు ఏడుస్తాండాదని.
ఏడాదికొకసారి గ్రీసు,
నువ్వు తిరిగినా, తిరగకపోయినా.

ఇంతకీ యాడికి పోవల్లని?

చీకటి చూసేదానికా!

...
సరే.
ఈ ఊర్లో దానికీ దూరం పోవల్ల, నిజమే.
ఆ పక్క వీధిదీపం చూడు, నా షెడ్డులో
అర్ధరాత్రి కూడా స్పానరు నంబరు చదవొచ్చు.

చీకట్లోకి పోయే ముందు లైట్లు చూసుకో.
ఒకరు బ్రేకు తొక్కల్ల, ఒకరు వెనక నిలబడల్ల.
ఒక్కదానివే పోతే
గోడకు ఆనించి తొక్కు
ఎర్రగా గోడే చెప్తాది.

ఈ బండి వద్దు. ఇంకోటి వస్తాది, ఫోన్ చేస్తా.
అంతలోపల ఆదివారం ఆరింటికి రా
లారీలుండవు, వెనక్కి తోలేది నేర్పిస్తా.
స్టీరింగు అడుగున చెయ్యి పెట్టి
తోక యాటికి పోవల్లనో చెయ్యి ఆటికి తిప్పేది, అంతే.
మొదటి పొద్దు నా గోడకు గుద్దుతావు.
అందరూ గుద్దినారు.
అందుకే దానికి
సున్నం కొట్టించలేదు.